బొమ్మ చూసి ఒప్పుకోవద్దు

అమ్మడూ,

మీ కాలనీ వెనక అడవి ప్రహరీకి ఆనుకుని ఉన్న ఆ పాత పొలాన్ని కన్జర్వేషన్ జోన్ నుంచి కమర్షియల్‌కి మార్చమని దరఖాస్తు పడిందనీ, దాని మీద అభ్యంతరాలు రాయించే పని నువ్వు నెత్తికెత్తుకున్నావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. సగం మురిసిపోతూ, సగం భయపడుతూ చెప్పాడు. నాకూ రెండూ ఉన్నాయి. భూతద్దం పెట్టినా కనిపించని అక్షరాలతో పేపర్ లోపలి పేజీలో వేసే ప్రకటనని మన ఇంటి పిల్ల పట్టుకుందని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను. రాత్రికి మాత్రం టెన్షన్ మొదలైంది. ఫోన్లో చెబితే ‘సరే పెదనాన్నా’ అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నీకు తెలిసినవి ముందు అయిపోనీ. ప్రకటన వచ్చిన పేజీ మొత్తం దాచు. ముక్క కత్తిరిస్తే తేదీ పోతుంది. గడువు సాధారణంగా 15 రోజులిస్తారు, ఎప్పటి నుంచి లెక్కో అందులోనే ఉంటుంది. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు అక్కడ ఉన్నవి ఉన్నట్టు దించు. కాలనీ అంతా కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెడితే అది ఫైల్లో ఒక్క అభ్యంతరంగానే మిగలొచ్చు, కాబట్టి ఎవరి బాధ వాళ్ళ మాటల్లో విడిగా రాయించు. ప్రతి కాగితానికీ ఆఫీసులో అందినట్టు వేసే ఇన్‌వర్డ్ నంబరు వేయించుకో. స్పీడ్ పోస్టులో కూడా ఒకటి పంపు.

సమాచార హక్కు కింద అడుగుతానన్నావట. అడుగు, పది రూపాయల పని. కానీ జవాబివ్వడానికి వాళ్ళకి 30 రోజులుంది, నీ చేతిలో ఉన్నవి 15. జవాబు వచ్చాక రాద్దామని కూర్చుంటే గడువు దాటిపోతుంది. ముందు అభ్యంతరం ఇచ్చెయ్. అందులోనే ‘దరఖాస్తుదారు ఇచ్చిన కాగితాలు మాకు చూపించండి, మమ్మల్ని పిలిచి వినండి, అవి చూశాక అదనంగా రాసుకునే అవకాశం ఇవ్వండి’ అని రాయి. ఫైలు స్వయంగా చూసే హక్కు కూడా ఆ 2005 చట్టంలోనే ఉంది. మునిసిపల్ ఆఫీసులో మ్యాపులు గీస్తూ బతికినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, ప్రతులు అడగడం కంటే ఫైలు చూపించమనడం మేలు. నువ్వు అడగాలని కూడా తెలియని కాగితాలు అందులో ఉంటాయి.

‘ఆ భూమికి నాలా కన్వర్షన్ ఎప్పుడో అయిపోయిందండీ’ అని ఎవరైనా అంటే కంగారు పడకు. నాలా అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతరం చేసుకోవడం, అది రెవెన్యూ లెక్క. ల్యాండ్ యూజ్ మార్పు మాస్టర్ ప్లాన్ లెక్క. మొదటిది అయిందని రెండోది అయినట్టు కాదు.

ఇక అసలు సంగతి. ఆ పొలంలో కట్టబోయేది ఇదేనంటూ మీ గ్రూపులో తిరుగుతున్న బొమ్మ మీ నాన్న నాకు పంపాడు. అద్దాల క్లినిక్, ముందు పచ్చిక, చెట్టు కింద బెంచీ మీద ఓ ముసలాయన. కింద మీవాళ్ళ మాటలు: ‘ఇది బాగానే ఉందిగా’, ‘మూడంతస్తులు దాటకపోతే ఓకే’, ‘పార్కింగ్ లోపలే ఇస్తే మనకేంటి’. అవి చదివాకే నాకు నిద్ర పట్టలేదు.

ఇలాంటి బొమ్మే మా కాలనీకీ వచ్చింది, నువ్వు చాలా చిన్నదానివి అప్పటికి. మాకు పడమట జింకల అడవి, మధ్యలో ఓ ఖాళీ స్థలం. దాని యజమాని మంచివాడే, ఎవరింట్లో శుభకార్యమైనా ముందు వచ్చి నిలబడేవాడు. ఆయన రంగుల బొమ్మ పట్టుకొచ్చాడు. కింద మందుల షాపు, పైన పిల్లల డాక్టరు, పక్కన మొక్కల నర్సరీ. అర్ధరాత్రి పిల్లలకి జ్వరం వస్తే ఆటో కోసం మెయిన్ రోడ్డు దాకా పరిగెత్తే రోజులవి. అందరికీ నచ్చింది. అసోసియేషన్ వాళ్ళు అభ్యంతరం చెప్పకపోవడమే కాదు, లెటర్‌హెడ్ మీద ‘మాకు సమ్మతమే’ అని రాసి కూడా ఇచ్చారు. ఆ లెటర్ టైపు చేయించి సంతకం పెట్టిన కార్యదర్శి మీ పెద్దమ్మ. ఇది నీకు రాశానని తెలిస్తే రేపు నాకు కాఫీ ఉండదు.

ఉత్తర్వు వచ్చింది. అలాంటి ఉత్తర్వులో ఏముంటుందో నీకు తెలియాలి. సర్వే నంబరు, ఎంత విస్తీర్ణం, పాత జోన్ ఏది, కొత్త జోన్ ఏది, హద్దులు, ఛార్జీలు కట్టాలన్న షరతు, దీన్ని భూమి హక్కుకి రుజువుగా వాడుకోకూడదన్న హెచ్చరిక. మందుల షాపు లేదు, పిల్లల డాక్టరు లేడు, నర్సరీ అసలే లేదు. మారింది భూమి వాడకం. బొమ్మకి ఎవరూ కట్టుబడి లేరు. తర్వాత కొన్నాళ్ళకి ఆయన కూతురి పెళ్ళి ఖర్చులకని స్థలం అమ్మేశాడు. ఆయన్ని తప్పుపట్టను, ఆయన భూమి. కొన్నవాళ్ళకి ఆ బొమ్మతో ఏం పని? కమర్షియల్‌లో ఫంక్షన్ హాల్‌కి అనుమతి ఉంది, కట్టుకున్నారు. వాళ్ళు చట్టం దాటలేదు. మా కడుపుమంటకి అదే కారణం, ఎవరి మీద ఫిర్యాదు చేయాలో తెలియలేదు.

డీజే గోల సంగతి అందరూ చెబుతారు. పోలీసులకి ఫోన్ చేస్తే అది కాసేపైనా తగ్గేది. తగ్గనివి వేరే ఉన్నాయి. పార్కింగ్‌లో వేసిన ఫోకస్ లైట్లు తెల్లార్లూ అడవి వైపే కొట్టేవి. జింకలు మేతకి వచ్చేది పొద్దు గుంకేటప్పుడు, మళ్ళీ తెల్లవారేటప్పుడు. ఆ పక్క గట్టు మీదికి రావడం పూర్తిగా మానేశాయి. తర్వాత ఎంగిలి విస్తళ్ళు. హాలు వెనక గోడ పక్కన పారబోసేవారు, వీధి కుక్కలు వాటికి మరిగాయి. వాన నీళ్ళ కోసం అడవి ప్రహరీ కింద వదిలిన తూముకి ఊచలు తుప్పు పట్టి వంగిపోయి ఉన్నాయి. పెళ్ళిళ్ళు ఉన్నన్నాళ్ళు తిండి ఉంది కాబట్టి ఏమీ కాలేదు. మూఢం వచ్చింది, హాలు మూతపడింది, మరిగిన కుక్కలు ఆకలితో గుంపుగా ఆ తూములోంచి లోపలికి దూరాయి. పొద్దున్నే ఫారెస్టు వాచర్ వచ్చి చెప్పాడు. లోపల ఏం చూశామో నీకు రాయను.

ఫిర్యాదు పట్టుకుని ఆఫీసుకి వెళ్తే అక్కడి అధికారి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఫైలు తిప్పి మా లెటర్ చూపించాడు. మీ పెద్దమ్మ ఆ రోజు ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. తర్వాత ఆ తూముకి కొత్త ఊచలు పెట్టించేదాకా వదల్లేదు, చివరికి పెట్టించింది కూడా. హాలు మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది.

అందుకని బొమ్మ గురించి నువ్వు వాదించొద్దు. ఎన్ని అంతస్తులు, పార్కింగ్ ఎక్కడ, ముందు ఎన్ని చెట్లు అని బేరంలోకి దిగావంటే జోన్ మార్పుకి ఒప్పుకున్నట్టే. షరతులతో ఇచ్చిన సమ్మతి కూడా ఫైల్లో సమ్మతిగానే చేరుతుంది. మన హైదరాబాద్ 2031 మాస్టర్ ప్లాన్‌తో పాటు జోనింగ్ నిబంధనలు ఉంటాయి చూడు, అందులో కమర్షియల్‌లో ఏమేం కట్టుకోవచ్చో ఆ జాబితా మొత్తం ప్రింటు తీయించు. మీటింగులో దాన్ని చదివి వినిపించి, ‘వీటిలో ఏది వచ్చినా మీకు ఫరవాలేదా?’ అని అడుగు. క్లినిక్ అనుకున్నవాళ్ళే ముందు లేచి అభ్యంతరం రాస్తారు. అసోసియేషన్ పేరు మీద ఎవరూ విడిగా ఏ లెటరూ ఇవ్వకూడదని అదే రోజు తీర్మానం రాయించి సంతకాలు చేయించు. ఇవాళే అయితే ఇంకా మంచిది.

అడవి గురించి రాసేటప్పుడు నీ కవిత్వం ఒక పేరాలో ఆపు. నగరానికి ఊపిరితిత్తులు అని రాస్తే చదివినవాడు తలూపి పక్కన పెడతాడు. జవాబు చెప్పక తప్పనివి రాయి. మీ అడవికి ఎకో సెన్సిటివ్ జోన్, అంటే అడవి చుట్టూ ఆంక్షలు పెట్టే పట్టీ, నోటిఫికేషన్ వచ్చిందా, వస్తే ఈ సర్వే నంబరు అందులో పడిందా, అది మొదట తేల్చుకో. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం ఇచ్చే నోటిఫికేషన్ అది. జోన్ లోపలి అడవులు, తోటలు, వ్యవసాయ భూములు, పార్కులు, వినోదానికి వదిలిన ఖాళీ స్థలాలను వాణిజ్య, నివాస, పారిశ్రామిక అవసరాలకు మార్చకూడదని వాటిలో మామూలుగా ఒక వాక్యం ఉంటుంది. దాని కిందే మినహాయింపులూ ఉంటాయి, అవీ చదువు, అవతలివాళ్ళు చదివే వస్తారు.

అయితే ఆ జోన్ ఎంత వెడల్పో చూడకుండా పొంగిపోకు. మన కేబీఆర్ పార్కు చుట్టూ 2020లో ప్రకటించిన జోన్ కొన్నిచోట్ల 3 మీటర్లు, ఎక్కువలో ఎక్కువ 30 మీటర్ల లోపు. రోడ్డు దాటితే జోన్ దాటినట్టే. వాట్సాప్‌లో మీవాళ్ళు ‘సుప్రీంకోర్టు కిలోమీటరు అంది’ అని పంపుకుంటున్నారు కదా, రక్షిత అడవుల చుట్టూ కనీసం అంత జోన్ ఉండాలని 2022 జూన్‌లో అన్న మాట నిజం. 2023 ఏప్రిల్‌లో అదే కోర్టు దాన్ని సడలించిందన్నదీ నిజం. మొదటిది ఒక్కటే పట్టుకుని వెళ్తే అవతలి లాయర్ రెండోది తీసి నీ నోరు మూయిస్తాడు.

జోన్ బయట పడినా ఆశ వదలకు. మన జంట జలాశయాల కథ తెలుసుకో. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కోసం 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలకి ఆంక్షలు పెట్టింది. అక్కడ ఒక పరిశ్రమకి ప్రభుత్వం మినహాయింపు ఇస్తే కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నష్టం జరుగుతుందని మనం నిరూపించనక్కర్లేదు, జరగదని నిరూపించాల్సింది మార్పు కోరేవాడే అని 1999లో చెప్పింది. 2000లో ఆ మినహాయింపే చెల్లదంది. తీర్పు పొడుగ్గా ఉంటుంది. అయినా చదువు, మన ఊరి తాగునీళ్ళ మీద వచ్చిన తీర్పు. దాని ఆధారంగా నీ ప్రశ్నలు వెయ్యి: ఆ నేలంతా కాంక్రీటైతే వాన నీళ్ళు ఎటు పోతాయి, బోర్లు ఎంత లోతుకి వేస్తారు, రాత్రి లైట్లు ఎటు తిరుగుతాయి, అద్దాల గోడలకి పిట్టలు కొట్టుకుంటే ఎవరిది బాధ్యత, ఎంగిలి ఎక్కడ వేస్తారు. వాన పడ్డ రోజు నీళ్ళ దారి ఫోటోలు తీయించు. ప్రహరీ పొడుగునా తూములన్నీ చూసి ఊచలు ఉన్నాయో లేవో రాసి పెట్టు. ఇది నీకు చాదస్తంగా అనిపిస్తుంది. అనిపించనీ, ముందు చూసి రా.

చూసి రమ్మన్నానని ఆ స్థలంలోకి దూకొద్దు! పొద్దున్నే చీకట్లో ఒక్కదానివే వెళ్ళి ఫోటోలు తీశావట. బుద్ధుందా? చిన్నప్పుడూ ఇంతే, గోడ కనబడితే ఎక్కి చూడాల్సిందే. ఇప్పుడు కిందపడితే మందు రాసి ఊరుకునే వ్యవహారం కాదు, అక్రమంగా చొరబడ్డావని కేసు పెడతారు. రోడ్డు మీద నిలబడి తియ్యి, పక్కన ఇంకొకరు ఉండాలి. గ్రూపులో ఆ భూమి ఆసామిని కబ్జాదారు అని రాసిన మెసేజ్ తీసెయ్. నీ దగ్గర రుజువు లేదు, పరువు నష్టం కింద భారతీయ న్యాయ సంహితలో 356 సెక్షన్ ఉంది. చందాలు నీ సొంత ఖాతాలో వేయించుకోకు. ప్రతి కాగితం మీదా మొదటి సంతకం నీదే ఎందుకు ఉండాలి? నీ పక్కింటి రిటైర్డ్ మాస్టారు ఉన్నారుగా, ఆయనతో పెట్టించు. నువ్వు నాలుగోదానివో ఐదోదానివో అయినా నీ అభ్యంతరం విలువ తగ్గదు. ఇది పిరికితనం అనుకుంటావేమో, అనుకో.

‘మీరు ఇళ్ళు కట్టుకున్నప్పుడు అడవి గుర్తు రాలేదా?’ అని ఆ భూమి ఆసామి అడుగుతాడు. మా యజమాని కూడా తర్వాత అదే అడిగాడు. కోపం తెచ్చుకోకు, న్యాయమైన ప్రశ్నే. మా ఇళ్ళు ఎంతవరకు రావాలో ప్లాన్ చెప్పింది, ఆ ప్లానే మీ పొలాన్ని అడవికీ మాకూ మధ్య ఉంచింది, మేము నిలబెట్టమంటున్నదీ దాన్నే అని చెప్పు. కనిపిస్తే పలకరించు. అతను శత్రువు కాదు.

అన్నీ చేసినా ఉత్తర్వు వచ్చేయొచ్చు. అప్పుడు హైకోర్టులో రిట్ వేయాలి, దానికి లాయర్ కావాలి, ఖర్చుంటుంది. నువ్వు ఇప్పుడు ఇన్‌వర్డ్ వేయించిన కాగితాలే అప్పుడు నీ కేసు. అందుకే ఒక్క పేజీ కూడా ఇంట్లో అటూ ఇటూ పడేయకు, నీ గది సంగతి నాకు తెలుసు.

డ్రాఫ్ట్ శుక్రవారంలోపు పంపు. సర్వే నంబర్లు, హద్దులు నేను మ్యాపుతో సరిచూస్తాను, పెద్దమ్మ తప్పులు దిద్దుతుంది. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు చెప్పు, నేనూ వస్తాను; నా మోకాళ్ళ సంగతి మీ నాన్న దగ్గర ఎత్తకు. పదకొండింటికల్లా అక్కడ ఉండాలి, లంచ్ దాటితే ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఎవరూ దొరకరు. ఏదైనా తిని బయల్దేరు.

మీ పెదనాన్న