లిప్‌స్టిక్ ఓకే, నోరు తెరిస్తేనే గొడవ

ప్ర: ఎనభైల్లో బ్రిటన్ పాప్ వీడియోలు చూస్తే మగ సింగర్లలో సగం మంది మేకప్‌లోనే ఉంటారు కదండీ, మరి నేను గే అని పైకి చెప్పినవాళ్ళు అంత తక్కువేంటి? జార్జ్ మైకేల్ అయితే 1998 దాకా చెప్పనేలేదు!

జ: అదేనండీ తమాషా. వేషం వేస్తే ఫ్యాషన్ అన్నారు, మాట చెబితే మాత్రం కెరీర్‌కే ఎసరు. కల్చర్ క్లబ్ బ్యాండ్ సింగర్ బాయ్ జార్జ్ 1982లో బీబీసీ టీవీ పాటల షో టాప్ ఆఫ్ ద పాప్స్‌లో కనబడగానే అబ్బాయా అమ్మాయా అని ఊరంతా అదే గోల, ఆయనేమో సెక్స్ కన్నా కప్పు టీ నయం అని నవ్వించి తప్పించుకునేవాడు, తమ బ్యాండ్ డ్రమ్మర్ జాన్ మాస్‌తోనే ప్రేమలో ఉన్న సంగతి మాత్రం లోపలే దాచాడు.

భయం ఊరికే రాలేదు లెండి. రికార్డులు కొనేది టీనేజ్ అమ్మాయిలు, పైగా ఎయిడ్స్ వచ్చాక టాబ్లాయిడ్లు ఎవడు దొరుకుతాడా అని కాచుక్కూర్చున్నాయి. అమెరికా మార్కెట్ సంగతి సరేసరి, 1984లో క్వీన్ బ్యాండ్ వాళ్ళు ఆడవేషాలేసి, సింగర్ ఫ్రెడ్డీ మెర్క్యురీ మీసంతోనే స్కర్టేసుకుని ఇల్లు ఊడ్చే వీడియో తీస్తే బ్రిటన్ పగలబడి నవ్వింది, అక్కడి మ్యూజిక్ ఛానల్ ఎంటీవీ మాత్రం వేయనంది. హెవీ మెటల్ బ్యాండ్ జూడాస్ ప్రీస్ట్ సింగర్ రాబ్ హాల్ఫర్డ్‌ది ఇంకో కథ, తోలు బట్టల్లో బైక్ మీద స్టేజీ ఎక్కుతుంటే మగాడంటే వీడేరా అనుకున్నారు ఫ్యాన్స్, ఆయన కూడా 1998లోనే చెప్పాడు.

అలాగని అందరూ దాక్కోలేదు. ఫ్రాంకీ గోస్ టు హాలీవుడ్ అనే బ్యాండ్‌లో హాలీ జాన్సన్, పాల్ రూథర్‌ఫర్డ్ ఇద్దరూ ఓపెనే, 1984 జనవరిలో వాళ్ళ 'రిలాక్స్' పాటని బీబీసీ బ్యాన్ చేస్తే అది ఐదు వారాలు నంబర్ వన్‌లో కూర్చుంది. బ్యాన్ చేసినవాళ్ళే ఫ్రీ పబ్లిసిటీ ఇచ్చారన్నమాట!

ప్ర: ఆ కాలం అర్థమవ్వాలంటే ఒక్క పాట చెప్పండి.

జ: బ్రాన్‌స్కీ బీట్ అనే బ్యాండ్ పాట 'స్మాల్‌టౌన్ బాయ్', 1984. బ్యాండ్‌లో ముగ్గురూ మొదట్నుంచీ గే అని చెప్పుకునే వచ్చారు, మేకప్పూ లేదు మెరుపులూ లేవు, పొట్టి క్రాఫులు మామూలు చొక్కాలు, నా లెక్కలో అసలు తెగువ అదే. వాళ్ళ ఆల్బమ్ పేరే 'ది ఏజ్ ఆఫ్ కన్సెంట్', లోపలి కవరు మీద ఏ దేశంలో గేలకి సెక్స్‌కి ఒప్పుకునే చట్టబద్ధమైన వయసు ఎంతో లిస్టు వేశారు, బ్రిటన్‌లో అప్పుడు మిగతావాళ్ళకి 16 అయితే మగవాళ్ళిద్దరికి 21. ఇక వీడియోలో సింగర్ జిమ్మీ సోమర్‌విల్‌ని కుర్రాళ్ళు కొడతారు, పోలీసు ఇంటికి తీసుకొచ్చేసరికి అమ్మానాన్నలకి విషయం తెలిసిపోతుంది, ఇల్లొదిలి వెళ్ళేటప్పుడు నాన్న డబ్బులు చేతిలో పెడతాడు గానీ, కొడుకు చెయ్యి చాస్తే మాత్రం అందుకోడు. ఆ ఒక్క ముక్క చూడండి చాలు, తర్వాత వాడు రైలెక్కేస్తాడు.