ఐర్లండ్ క్లబ్బులకు జులై గండం

మీ ప్రశ్న ఇది: "డబ్లిన్‌కు వచ్చి ఏడాదైంది. ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్బులు యూరోప్ పోటీల్లో ఎప్పటికైనా నిలదొక్కుకుంటాయా? గెలిచిన రోజు కూడా అభిమానుల ముఖాల్లో ఆ దిగులు ఎందుకు?"

నేను డబ్లిన్ శివారు టాలాలో పదేళ్లకు పైగా ఉంటున్నాను. షామ్‌రాక్ రోవర్స్ స్టేడియం మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. అయినా మొదటి రెండేళ్లు ఆ దారిన వెళుతూ లోపలికి తొంగి కూడా చూడలేదు. మా ఆఫీసులో చాలామందిలాగే నేనూ టీవీలో ఇంగ్లండ్ మ్యాచ్‌లే చూసేవాణ్ణి. 2016 ఆగస్టు 2న డండాక్ ఊరి సహోద్యోగి ఒకరు పట్టుబట్టి నన్ను లోపలికి తీసుకెళ్లారు. డండాక్ డబ్లిన్‌కు ఉత్తరాన సుమారు 85 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ ఊరి క్లబ్బు పేరూ అదే. ఆ రోజు ఆడింది యూరోప్ క్లబ్బుల అతిపెద్ద పోటీ చాంపియన్స్ లీగ్ అర్హత మ్యాచ్. వాళ్ల సొంత మైదానం ఓరియల్ పార్క్ ఆ స్థాయి మ్యాచ్‌కు యూరోప్ ఫుట్‌బాల్ సమాఖ్య యుయెఫా నిబంధనల ప్రకారం సరిపోదు. అందుకని సొంత గడ్డ మీద ఆడాల్సిన మ్యాచ్‌ను మా పేటకు వచ్చి ఆడుకున్నారు. ప్రత్యర్థి బెలారుస్‌కు చెందిన బాటే బోరిసోవ్, చాంపియన్స్ లీగ్ గ్రూపు దశలో పలుమార్లు ఆడిన జట్టు. అక్కడ 1-0తో ఓడి వచ్చిన డండాక్ ఇక్కడ 3-0తో గెలిచింది. డేవిడ్ మెక్‌మిలన్ రెండు గోల్స్ కొట్టాడు. మ్యాచ్ చివర కలిపిన నిమిషాల్లో రాబీ బెన్సన్ మూడోది వేసినప్పుడు మా సహోద్యోగి అరవలేదు. కూర్చుండిపోయి రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. అంత పెద్దమనిషి భుజాలు కదిలిపోతూ ఉంటే ఏం చేయాలో తెలియక పక్కన నిలబడ్డాను. ఆ రోజు నుంచి ఇంగ్లండ్ మ్యాచ్‌లు నాకు చప్పబడిపోయాయి.

ఆ ఏడాది డండాక్ యూరోప్‌లో రెండో స్థాయి పోటీ అయిన యూరోపా లీగ్ గ్రూపు దశకు చేరింది. నెదర్లాండ్స్‌లో ఏజడ్ ఆల్క్‌మార్‌తో 1-1 డ్రా చేసుకుంది. టాలాలో మక్కాబీ టెల్ అవీవ్‌ను 1-0తో ఓడించింది. గ్రూపు దశలో ఒక ఐర్లండ్ క్లబ్బు గెలవడం అదే మొదటిసారి. అంతకు ఐదేళ్ల ముందు, 2011లో, రోవర్స్ బెల్‌గ్రేడ్‌లో పార్టిజాన్‌ను ఓడించి ఆ దశకు చేరిన తొలి ఐర్లండ్ క్లబ్బుగా నిలిచింది. కానీ తరువాత ఆరుకు ఆరు మ్యాచ్‌లూ ఓడింది.

ఇక మీ మొదటి ప్రశ్న. నిలదొక్కుకోవడం అంటే లీగ్ దశకు (పాత గ్రూపు దశకు ఇప్పటి రూపం) తరచూ చేరడం అనుకుంటే, అది ఇప్పటికే జరుగుతోంది. యూరోప్‌లో మూడో స్థాయి పోటీ అయిన కాన్ఫరెన్స్ లీగ్‌లో 2024-25లో రోవర్స్ ఆరు మ్యాచ్‌ల్లో మూడు గెలిచి, రెండు డ్రా చేసుకుని, లండన్‌లో చెల్సీ చేతిలో మాత్రమే ఓడి, 36 జట్లలో పదో స్థానంలో నిలిచింది. 2025లో రోవర్స్, మరో డబ్లిన్ క్లబ్బు షెల్‌బోర్న్ రెండూ లీగ్ దశకు చేరాయి. ఐర్లండ్ నుంచి ఒకే ఏడాది రెండు క్లబ్బులు అంత దూరం వెళ్లడం అంతకుముందు ఎన్నడూ లేదు.

అక్కడికి ఎలా చేరారో తెలిస్తే దిగులు ఎందుకో కూడా అర్థమవుతుంది. షెల్‌బోర్న్ సంగతే తీసుకోండి. ఐర్లండ్ లీగ్ విజేత కాబట్టి చాంపియన్స్ లీగ్ తొలి అర్హత రౌండులో మొదలుపెట్టి, బెల్‌ఫాస్ట్‌కు చెందిన లిన్‌ఫీల్డ్‌ను ఓడించింది. తరువాత అజర్‌బైజాన్ క్లబ్బు కరాబాగ్ చేతిలో ఓడింది. యూరోపా లీగ్ అర్హత పోటీలోకి దిగి క్రొయేషియా క్లబ్బు రియేకా చేతిలో మళ్లీ ఓడింది. అప్పుడు కాన్ఫరెన్స్ లీగ్ ప్లేఆఫ్‌లో ఎదురైంది తిరిగి లిన్‌ఫీల్డే! దాన్ని మరోసారి ఓడించి గట్టెక్కింది. అంటే రెండుసార్లు ఓడినా గమ్యం చేరింది. లీగ్ విజేత తొలి రౌండు గెలిస్తే ఇలా మెట్టు మెట్టుకూ కింద మరో అవకాశం ఉంటుంది. మిగతా మూడు క్లబ్బులకు ఆ భాగ్యం లేదు. జులైలో ఒక్క జోడీ (ఒకే ప్రత్యర్థితో ఇంటా బయటా ఆడే రెండు మ్యాచ్‌లు) ఓడితే ఆ ఏడాదికి యూరోప్ ముగిసినట్టే. గోల్‌కీపర్ చేతిలోంచి ఒక బంతి జారినా, ఒక ఎర్ర కార్డు పడినా అంతే సంగతులు. మా పక్కింటి పెద్దాయన దీన్ని జులై గండం అనే అర్థం వచ్చే మాటతో చెబుతుంటారు.

ఆ గండం వెనుక ఉన్నది డబ్బు. కాన్ఫరెన్స్ లీగ్ దశకు చేరితే చాలు, యుయెఫా సుమారు 31 లక్షల 70 వేల యూరోలు ఇస్తుంది. గెలిచిన ప్రతి మ్యాచ్‌కు మరో 4 లక్షలు. పెద్ద దేశాల క్లబ్బులకు ఇది చిల్లర. ఇక్కడ మాత్రం క్లబ్బు నడక మొత్తం మారిపోయేంత సొమ్ము. ఆ సొమ్ము వచ్చిన క్లబ్బు మంచి ఆటగాళ్లను తెచ్చుకుని మళ్లీ లీగ్ గెలుస్తుంది, మళ్లీ యూరోప్‌కు వెళుతుంది. రాని క్లబ్బు వెనకబడుతుంది. రోవర్స్ అభిమానినైనా ఇది నాకూ మింగుడుపడదు. శుక్రవారం రాత్రి ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన లీగ్‌ను ఎన్నాళ్లు చూస్తాం?

ఇంకో చిక్కు కూడా ఉంది. యుయెఫా దేశాల ర్యాంకును ఐదేళ్ల ఫలితాలతో లెక్కగడుతుంది. ఒక దేశపు క్లబ్బులన్నీ తెచ్చిన పాయింట్లను ఆ క్లబ్బుల సంఖ్యతో భాగిస్తుంది. కాబట్టి జులైలో మిగతా డబ్లిన్ క్లబ్బులు సెయింట్ ప్యాట్రిక్స్ గానీ బొహీమియన్స్ గానీ తొందరగా ఓడితే ఆ నష్టం రోవర్స్‌కూ తగులుతుంది. బొహీమియన్స్ గెలవాలని కోరుకోవడం రోవర్స్ అభిమానికి ఎంత కష్టమో డబ్లిన్‌లో కొన్నాళ్లు ఉంటే మీకే తెలుస్తుంది. అయినా మా వరుసలో కూర్చునే వాళ్లు 2024లో సెయింట్ ప్యాట్రిక్స్ ప్లేఆఫ్ దాకా వెళ్లి ఇస్తాంబుల్ బషాక్షెహిర్ చేతిలో ఓడినప్పుడు నిజంగానే బాధపడ్డారు.

క్యాలెండర్ విషయానికి వస్తే, 2003లో ఇక్కడి లీగ్ వేసవి క్యాలెండర్‌కు మారింది. ఇప్పుడు ఫిబ్రవరిలో మొదలై నవంబరు తొలి రోజుల్లో ముగుస్తుంది. దానివల్ల జులైలో మన ఆటగాళ్లు మంచి ఊపు మీద ఉంటారు, ఎదుటివాళ్లు అప్పుడే సెలవుల నుంచి వస్తారు. ఇక్కడి విజయాల్లో దీని పాలు చాలా ఉంది. ఇదే క్యాలెండర్ శీతాకాలంలో ఎదురు తిరుగుతుంది. డిసెంబరులో యూరోప్ మ్యాచ్ ఆడేనాటికి లీగ్ ముగిసి వారాలు గడిచిపోతాయి.

2025 ఫిబ్రవరిలో నార్వే క్లబ్బు మోల్డేతో నాకౌట్ ప్లేఆఫ్‌కు రోవర్స్ అలాగే వెళ్లింది. ఫిబ్రవరి 13న నార్వేలో మైకేల్ నూనన్ గోలుతో 1-0తో గెలిచింది. ఆ పిల్లవాడికి అప్పుడు పదహారేళ్లు. అప్పటికి కాన్ఫరెన్స్ లీగ్ చరిత్రలో అంత చిన్న వయసులో గోల్ కొట్టినవాడు లేడు. 16న అవీవా స్టేడియంలో బొహీమియన్స్‌తో లీగ్ తొలి మ్యాచ్. 33,208 మంది వచ్చారు, లీగ్‌లో అదో రికార్డు. మళ్లీ 20న టాలాలో మోల్డే. వారంలో మూడు పెద్ద మ్యాచ్‌లు, అదీ సీజన్ తొలి వారంలో. 1-0తో ఓడాం, రెండు మ్యాచ్‌లూ కలిపి లెక్క సమమైంది. పెనాల్టీల్లో 5-4తో పోయింది. ఆ రాత్రి మా వరుసలో ఎవరూ వెంటనే లేవలేదు. పక్కింటి పెద్దాయన చలికి వణుకుతున్న చేతులతో ఆకుపచ్చ, తెలుపు చారల కండువాను నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టారు. ఇంటి దాకా ఒక్క మాట లేదు.

ఆయన దిగులు మాత్రం ఓటమిది కాదు. 1987లో యజమానులు మిల్‌టౌన్‌లోని పాత మైదానాన్ని వదిలేస్తే రోవర్స్ 22 ఏళ్లు సొంత గూడు లేకుండా వాళ్ల మైదానంలో, వీళ్ల మైదానంలో తలదాచుకుంది. 2009లో కౌన్సిల్ కట్టిన టాలా స్టేడియంలోకి వచ్చాకే క్లబ్బు ఊపిరి పీల్చుకుంది. అది చూసిన వాళ్లకు ఎంత పెద్ద విజయమైనా ఇసుక మీద ఇల్లులాగే కనిపిస్తుంది. డండాక్ కథ ఆ భయాన్ని నిజం చేసింది. 2016లోనూ 2020లోనూ గ్రూపు దశకు చేరిన క్లబ్బు చేతులు మారి, అప్పులపాలై, 2024లో మూతపడే అంచుకు వెళ్లి, అదే ఏడాది రెండో డివిజన్‌కు పడిపోయింది. మరుసటి ఏడాదే ఆ డివిజన్ గెలిచి పైకి వచ్చింది, అది వేరే సంగతి. యూరోప్ నుంచి వచ్చిన సొమ్ములో మైదానానికి, పిల్లల శిక్షణకు వెళ్లింది ఎంత అని మా సహోద్యోగి ఇప్పటికీ అడుగుతారు. ఆ ప్రశ్న ప్రతి క్లబ్బు అభిమానీ అడగాల్సిందే.

నా ఆశ పిల్లల మీదే. బ్రెగ్జిట్ తరువాత, 2021 నుంచి, ఐర్లండ్ కుర్రాళ్లు పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఇంగ్లండ్ క్లబ్బులకు వెళ్లడానికి వీల్లేదు. అంతకుముందు పదిహేను, పదహారేళ్లకే ఓడ ఎక్కేవారు. చాలామంది రెండు మూడేళ్లలో మనసు విరిగి తిరిగి వచ్చేవారు. ఇప్పుడు ఇక్కడే పెద్దల మధ్య ఆడి రాటుదేలుతున్నారు. సెయింట్ ప్యాట్రిక్స్‌కు ఆడిన మేసన్ మెలియాను ఇంగ్లండ్ క్లబ్బు టాటెన్‌హామ్, ఐర్లండ్ లీగ్ చరిత్రలో అప్పటికి రికార్డు ధరకు తీసుకుంది. అలా వచ్చిన డబ్బు జులై అదృష్టం మీద ఆధారపడదు. కానీ అకాడమీల్లో పూర్తికాలం పనిచేసే శిక్షకులు ఇంకా చాలా తక్కువ. ఇక్కడ ప్రభుత్వం చేయి వేయకపోతే రోవర్స్ మరో పదేళ్లు కూడా పదో స్థానం దగ్గరే ఆగుతుందని నా గట్టి అభిప్రాయం.

మీరు డబ్లిన్‌లోనే ఉన్నారు కాబట్టి ఒక మాట. ఈ జులైలో యూరోప్ మ్యాచ్ ఉన్న ఒక సాయంత్రం ఖాళీ చేసుకోండి. లూవాస్ ట్రామ్ రెడ్ లైన్ ఎక్కి చివరి స్టేషన్ టాలాలో దిగి, షాపింగ్ సెంటర్ దాటి పది పదిహేను నిమిషాలు నడవండి. స్టేడియం వెనక కొండలు కనిపిస్తాయి. జులై అయినా ఒక స్వెటరు వెంట తెచ్చుకోండి, రెండో సగానికి గాలి మొదలవుతుంది. టికెట్టు ముందే తీసుకోండి, యూరోప్ రాత్రులకు ఇప్పుడు గేటు దగ్గర దొరకడం లేదు. ముందుగా చెబితే మా వరుసలోనే చోటు చూస్తాను. పెద్దాయన పక్కన చోటు దొరికితే మిల్‌టౌన్ గురించి అడగండి, మొదటి సగం మాత్రం వదిలేసి విరామంలో అడగండి.