అంగిలి చూడటం మర్చిపోకు

అమ్మా,

ఏఎన్ఎం ఉద్యోగంలో చేరావని మీ అమ్మ ఫోన్ చేసింది. ఉద్దానంలో పోస్టింగ్ అనగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఆ ఊళ్లన్నీ నేను తిరిగినవే.

30 ఏళ్లు దాటినవాళ్లందరికీ ఫారం నింపడం, బీపీ, షుగర్, నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడు క్యాన్సర్ల పరీక్షలు, ఇవన్నీ ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు.

జీడితోట నుంచి వచ్చిన మనిషికి రాగానే చేతికి బీపీ పట్టీ కట్టకు. వీపు ఆనించి, కాళ్లు నేలకు మోపి 5 నిమిషాలు కూర్చోనీ. చుట్ట కాల్చి ఉంటే అరగంట ఆగు. 140/90 గానీ ఆపైన గానీ ఉంటే కాసేపాగి మళ్లీ చూడు, అప్పటికీ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పంపు. అక్కడ కిడ్నీ జబ్బు ఎక్కువ కాబట్టి కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ రక్తపరీక్ష సంగతి నువ్వే గుర్తు చేయి. ఒళ్లు నొప్పులకు కొట్లో బిళ్లలు కొని మింగుతున్నారేమో కూడా అడుగు.

అసలు కష్టం బీపీ మందు మొదలెట్టిన రెండో నెలలో మొదలవుతుంది. "తల తిరగడం తగ్గింది, ఇక మందెందుకమ్మా" అంటారు. వాదించకుండా మాత్రల అట్ట తెమ్మను. ఎన్ని మిగిలాయో చూస్తే నీకే తెలుస్తుంది. నేనైతే అట్టను దేవుడి పటం పక్కన పెట్టించేదాన్ని, దీపం పెట్టేటప్పుడు కంటపడుతుందని. ఎంతమందిని పరీక్షించావని పైవాళ్లు అడుగుతారు. ఎంతమంది ఇంకా మందు వేసుకుంటున్నారో నీ సొంత పుస్తకంలో రాసుకో.

ఇక నోరు. మన వైపు ముసలమ్మలు అడ్డపొగ తాగుతారు కదా, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. ఆ సెగంతా పైఅంగిలికే తగులుతుంది. తల వెనక్కి వాల్చమని టార్చితో అంగిలి చూడాలి, కట్టుడు పళ్లుంటే తీయించాలి. ఒకసారి పొద్దుపోయిందని ఒకావిడ పళ్లు తీయించకుండానే 'నార్మల్' అని రాసేశాను. ఏడాది తిరిగేసరికి సరిగ్గా అక్కడే మానని పుండుతో వచ్చింది. ఆ రోజు చూడలేదే అన్న బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలైనా మానని పుండు, ఏది కనబడినా పంపించు. చీటీ చేతిలో పెడితే వెళ్లరమ్మా, ఆ రోజు కూలి పోతుంది, తోడు ఎవరూ ఉండరు. ఆశా కార్యకర్తను వెంట పంపు, వీలైతే నువ్వే వెళ్లు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష గురించి అత్తగారి ముందు అడగకు. కోత ఉండదు, మందు పూసి నిమిషంలో చూసేస్తారు, బాగుంటే మళ్లీ 5 ఏళ్లకే అని ఆ ఊళ్లో చేయించుకున్న ఆడమనిషి చేత చెప్పించు. నీ మాటకన్నా ఆవిడ మాట త్వరగా వింటారు.

నా టార్చి మీ తమ్ముడి చేత పంపిస్తున్నాను. బ్యాటరీలు కొత్తవి వేయించాను.

మీ పెద్దమ్మ