కథాశిల్పం పుస్తకాలు కొనుక్కున్న బిడ్డకు

చిరంజీవి బిడ్డకు, హనుమకొండ నుంచి నీ పెద్దబాపు ఆశీర్వదించి రాయునది.

కథ రాయడం నేర్పే పుస్తకాలు నాలుగు కొన్నాననీ, అవన్నీ ముగించిన తర్వాతే కలం పట్టుకుంటాననీ నీవు రాసిన ఉత్తరం అందింది. ఆ వరుసను తిరగవేయి. ముందు ఒక కథ రాయి, చెడిపోతే చెడిపోనీ. ఎక్కడ చెడిందో వెతుక్కోవడానికి పుస్తకం తెరువు.

నేను నీ వయసులో ఎత్తుగడ, సంఘర్షణ, ముగింపు అన్న మాటల కింద ఎర్ర పెన్సిలు గీతలు గీస్తూ ఏడాది గడిపి, ఆ లెక్క ప్రకారమే ఒక మిర్చి రైతు కథ రాసి పత్రికకు పంపితే, అది పంపినంత భద్రంగా తిరిగి వచ్చింది. మళ్లీ చదువుకుంటే ఒక పేరాలో రైతు మనసులో ఉన్నాను, మరో పేరాలో కమీషను మీద సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు మనసులో ఉన్నాను, చివరికి ఎవరి మనసులోనూ లేను. దృష్టికోణం గురించిన అధ్యాయాన్ని అప్పటికి మూడుసార్లు చదివినవాణ్ణే! తర్వాత వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో ఒక పూటంతా కాంటా పక్కన నిలబడి వచ్చి, అదే కథను తూకం వేసే దడవాయి కళ్లతో తిరగరాశాను. బస్తా తూకం అతనికి తెలుసు. రైతు తన సరుకు లెక్క రాసిచ్చిన తక్‌పట్టీని చదవకుండానే మడిచి జేబులో పెట్టుకోవడం అతనికి కనిపిస్తుంది. ఆ రైతు ఇంట్లో ఎవరు ఎదురుచూస్తున్నారో అతనికి తెలియదు గనుక నేనూ చెప్పకూడదు. ఆ అధ్యాయం నాకు ఆ రోజే అర్థమైంది.

నీ నాలుగింటిలో వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారి ‘కథాశిల్పం’ లేకపోతే సంపాదించుకో. 1999లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన గ్రంథమది. రోజుకొక అధ్యాయానికి మించి చదవకు. చదివిన వెంటనే గురజాడ 1910లో ప్రచురించిన ‘దిద్దుబాటు’ వంటి చిన్న కథను ముందు పెట్టుకొని, ప్రతి పేరా పక్కన ‘ఈ సంగతి ఎవరికి తెలుసు?’ అని రాసుకుంటూ పో. భార్య మంచం కిందే ఉన్నదని భర్తకు తెలిసేదాకా మనకూ తెలియనీయని ఒడుపు, అలా గీతలు గీస్తేనే చేతికి దొరుకుతుంది. సంభాషణల అధ్యాయాలను మాత్రం తొందరగా దాటవేయి. జమ్మికుంట బస్సులో గంటసేపు కూర్చుంటే అంతకంటె ఎక్కువ వినపడుతుంది.

దసరాకు వచ్చినప్పుడు, 1904 నుంచి ఉన్న మన రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం గ్రంథాలయానికి ఇద్దరం కలిసి పోదాం. ఆ చెడిన కథను కొట్టివేతలతో సహా తీసుకురా. శుభ్రంగా ఎత్తిరాసిన ప్రతి నాకు వద్దు.

ఇట్లు,
నీ పెద్దబాపు