ఎస్ఎల్ఆర్‌కే నా ఓటు

ప్రశ్న: మా బాబాయి బెటాలియన్‌లో చేసి రిటైరయ్యారు. ఎస్ఎల్ఆర్‌ని (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) మించిన రైఫిల్ లేదంటారు. నా ఫ్రెండేమో అమెరికా ఎం14, జర్మనీ జీ3 ముందు అది దండగ అంటాడు. ఎవరి మాట నిజం?
– డిగ్రీ విద్యార్థి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: నేను మీ బాబాయి వైపే. మూడిట్లోనూ పడేది ఒకటే తూటా, 7.62×51 మి.మీ. నాటో రౌండ్. మ్యాగజైన్ కూడా మూడింటికీ 20 రౌండ్లదే, బరువు ఖాళీగానే 4 కిలోలు దాటుతుంది. కాబట్టి భుజానికి గట్టిగా తన్నడం, ఎక్కువ రౌండ్లు మోయలేకపోవడం అనే బాధలు ఏ ఒక్కదానివో కావు. తేడా అంతా లోపలి పనితనంలో ఉంది.

ఎస్ఎల్ఆర్ అంటే బెల్జియం వాళ్ల ఎఫ్ఏఎల్ రైఫిల్‌కి మన ఇషాపూర్ ఫ్యాక్టరీ రూపం. 1962లో చైనాతో యుద్ధానికి మన జవాన్లు ఎక్కువగా పాత బ్రిటిష్ .303 రైఫిలే పట్టుకుని వెళ్లారు, దానికి ప్రతి రౌండుకీ చేత్తో బోల్ట్ (తూటాని లోపలికి నెట్టే భాగం) లాగాలి, ఆ అనుభవం తర్వాత వచ్చింది ఇది. దీని అసలు బలం గ్యాస్ రెగ్యులేటర్. పేలుడు గ్యాస్‌లో కొంత వెనక్కి తన్ని బోల్టును నడుపుతుంది కదా, ఆ గ్యాస్ ఎంత కావాలో జవానే తిప్పి పెట్టుకోవచ్చు, దుమ్ముకో మురికికో బోల్ట్ మొరాయిస్తే కాస్త పెంచితే మళ్లీ కదులుతుంది. అయితే సన్నటి ఇసుక దీనికి పడదు, అందుకే బ్రిటిష్ వాళ్లు తమ ఎఫ్ఏఎల్ రూపమైన ఎల్1ఏ1లో, బోల్టును మోసే భాగం మీద ఇసుక పోవడానికి గాడులు కోయించారు. పొడవు కూడా మీటరు దాటుతుంది, జీపులోనూ ఇరుకు గదుల్లోనూ తిప్పడం నరకం.

ఎం14లో గురి చూసే సైట్లు మాత్రం అద్భుతం, గురి విషయంలో మీ ఫ్రెండ్ మాట ఒప్పుకుంటాను. కానీ దాని మెకానిజం మొత్తం ఒకే కర్ర స్టాక్‌లో కూర్చుంటుంది, వియత్నాం చెమ్మకి ఆ కర్ర ఉబ్బి గురి తప్పేది. మన బెజవాడ ఉక్కపోత తెలిసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఎస్ఎల్ఆర్‌కీ కర్ర ఉంది గానీ బట్‌కీ, చెయ్యి పట్టుకునే చోటుకే, కాబట్టి ఆ బెడద అంతగా లేదు.

జీ3కి గ్యాస్ పిస్టనే లేదు, రోలర్ల మీద నడుస్తుంది, రేకు నొక్కి చేస్తారు కాబట్టి చవక, పాకిస్తాన్ వాహ్ ఫ్యాక్టరీలో తయారుచేసుకున్నది కూడా ఇదే. మొండిగా పనిచేస్తుంది. కాకపోతే తూటా ఎక్కించడానికి లాగే కాకింగ్ హ్యాండిల్ ఎక్కడో ముందుంటుంది, లాగడానికి బలం కావాలి.

ఆటోమేటిక్‌గా పేలిస్తే ఈ తూటాతో ఏదీ చేతిలో నిలవదు. మన 1ఏ1లో (ఎస్ఎల్ఆర్ మోడల్ పేరు ఇదే), బ్రిటిష్ ఎల్1ఏ1లో ఆటో తీసేసి మంచి పని చేశారు.

మీ ఫ్రెండుకి ఇంకోటి చెప్పండి. మధ్యలో 5.56 మి.మీ. తూటా వాడే ఇన్సాస్ రైఫిల్‌కి మారిన మన సైన్యమే 2019లో 72,400 సిగ్ 716 రైఫిళ్లకి ఆర్డరిచ్చింది, వాటిలో పడేది మళ్లీ ఆ 7.62×51 తూటానే.