ఆన్‌లైన్ ఖాతాలో జీతం పడక వెనక్కి వెళ్తుంటే

బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ ఫోన్‌లోనే సేవింగ్స్ ఖాతా తెరిచానని, ఇప్పుడు జీతం పడక వెనక్కి వెళ్లిందని, యాప్ 'పరిమితి దాటింది' అంటోందని రాశారు. టెన్షన్ పడకండి, ఆ డబ్బు మీ కంపెనీ ఖాతాకే చేరుతుంది.

మీది ఆధార్ ఓటీపీతో మాత్రమే తెరిచిన ఖాతా అయి ఉంటుంది. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం అందులో నిల్వ లక్ష రూపాయలు, ఆర్థిక సంవత్సరంలో మొత్తం జమలు 2 లక్షలు దాటకూడదు. ఏడాదిలోగా పూర్తి కేవైసీ (గుర్తింపు, చిరునామాల ధ్రువీకరణ) కాకపోతే ఖాతా మూసేస్తారు. ఈ మాట ముందే పెద్ద అక్షరాల్లో చెప్పాలి కదా! చాలా యాప్‌లలో అది ఏ మూలనో ఉంటుంది.

వెంటనే వీడియో కేవైసీ, అంటే బ్యాంకు ఉద్యోగితో వీడియో కాల్‌లో జరిగే ధ్రువీకరణ, చేయండి. అసలు పాన్ కార్డు చేతిలో ఉంచుకుని, లొకేషన్ ఆన్ చేయండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే వీపీఎన్ (ఇంటర్నెట్‌ను వేరే చోటి సర్వర్ మీదుగా నడిపే ఏర్పాటు) ఆపేయండి, అది మిమ్మల్ని వేరే దేశంలో చూపిస్తే కాల్ ముందుకు సాగదు. మనవాళ్లకు అసలు చిక్కు ఇంటిపేరుతో వస్తుంది: పాన్‌లో పూర్తిగా, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరంగా ఉంటే ముందు అది సరిచేయించుకోండి. ఆధార్‌లో ఊరి చిరునామా ఉన్నా ఫర్వాలేదు, బెంగళూరు చిరునామాకు మీ స్వీయ ధ్రువీకరణ చాలు.

బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. వివరాలకు 14448కి ఫోన్ చేయండి.