ఫైలులో ఉన్నదే పెట్టెలో ఉండాలి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

జడ్చర్ల ప్లాంటులో నిన్ను సీరియలైజేషన్ (ప్రతి మందు సీసాకూ విడి నంబరు ఇచ్చే) టీములోకి మార్చారని, అమెరికా డిస్ట్రిబ్యూటర్లతో డేటా ఇచ్చిపుచ్చుకునే పని నీకే అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎక్స్‌ఎమ్‌ఎల్ (ఆ డేటా ఫైళ్లను రాసే భాష) పెద్దగా రాదని టెన్షన్ పడుతున్నావట. దాని గురించి బెంగ పెట్టుకోకు. ట్యాగులు, స్కీమా (ఫైలు ఏ రూపంలో ఉండాలో చెప్పే నియమాలు), నేమ్‌స్పేస్ కొన్ని వారాలు కూర్చుంటే వచ్చేస్తాయి. రెండు కంపెనీలు ఒకే అంకెను ఒకే అర్థంలో చదివేలా చూడటమే కష్టం. నీ ఉద్యోగం అసలు అదే. ఈ పనిలోనే రిటైరైనవాణ్ణి కాబట్టి ఏది ముందు నేర్చుకోవాలో, దేనికి భయపడాలో నాకు తెలిసినంత రాస్తున్నాను.

ముందు డిస్ట్రిబ్యూటర్లకు పంపే ఈ డేటా ఫైలు అవసరం ఎక్కడ నుంచి వచ్చిందో తెలుసుకో. నకిలీ మందులు, దొంగిలించిన సరుకు సరఫరాలో కలవకుండా చూడాలని అమెరికాలో 2013 నవంబరు 27న ఒక చట్టం వచ్చింది. మీ ఆఫీసులో దాన్ని డీఎస్‌సీఎస్‌ఏ అంటారు. దాని ప్రకారం ప్రతి సీసా మీదా 2డీ బార్‌కోడులో ఏ మందు, ఏ సీరియల్ నంబరు, ఏ బ్యాచ్, ఎక్స్‌పైరీ ఎప్పుడు అన్నవి ఉండాలి. సరుకు ఒకరి నుంచి ఒకరికి అమ్ముడైనప్పుడల్లా ఆ వివరాలు సీసాల వారీగా ఎలక్ట్రానిక్ పద్ధతిలో వెంట వెళ్లాలి. దానికి మొదటి గడువు 2023 నవంబరు 27. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని ఒక ఏడాది సడలించింది. అప్పటికీ కుదరకపోతే, కనెక్షన్ల పని మొదలుపెట్టిన తయారీదారులకు 2025 మే 27 దాకా, హోల్‌సేల్ డిస్ట్రిబ్యూటర్లకు ఆగస్టు 27 దాకా మళ్లీ సమయం ఇచ్చింది. ఇన్నిసార్లు సడలించడానికి కారణం డేటాలో తప్పుల వల్ల అసలైన మందులే రోగులకు అందకుండా ఆగిపోతాయన్న భయం. ఈ సంగతి నువ్వు మనసులో పెట్టుకోవాలి. నీ ఫైలు తప్పయితే మందు మంచిదైనా గోడౌన్‌లో ఒక మూలన పడి ఉంటుంది.

ఫైలు రూపం, బార్‌కోడుల ప్రమాణాలు తయారుచేసే జీఎస్1 సంస్థ ఇచ్చిన ఈపీసీఐఎస్ ప్రమాణం. 2022లో వచ్చిన 2.0 వెర్షన్‌లో జేసన్ అనే ఇంకో ఫైలు రూపం కూడా ఉంది కానీ, ఈ చట్టం కింద కంపెనీల మధ్య తిరిగేది ఎక్కువగా 1.2 వెర్షన్ ఎక్స్‌ఎమ్‌ఎల్లే. అందులో జరిగిన సంఘటనలు వరసగా ఉంటాయి. సీసాకు నంబరు వేసి దాన్ని వాడకంలోకి తేవడం కమిషనింగ్. సీసాలు కేసులోకి (పెద్ద పెట్టెలోకి), కేసులు ప్యాలెట్ (వాటిని పేర్చే బల్ల) మీదకి చేరడం ప్యాకింగ్. ప్యాలెట్ బయల్దేరడం షిప్పింగ్. ఒక్కో సంఘటనలో ఏ వస్తువు, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అన్న నాలుగు సంగతులూ ఉంటాయి.

షిప్పింగ్ సంఘటనలో సీసాల నంబర్లు ఉండవని గమనించు. పైనున్న ప్యాలెట్ నంబరు ఒక్కటే ఉంటుంది. దాని లోపల ఏ కేసులున్నాయో, కేసుల లోపల ఏ సీసాలున్నాయో ప్యాకింగ్ సంఘటనలను బట్టి అవతలివాళ్లు ఊహించుకుంటారు. డిస్ట్రిబ్యూటర్ ప్రతి కేసూ విప్పి ప్రతి సీసా స్కాన్ చెయ్యడు. మన మాట నమ్మి తీసుకుంటాడు. అందుకే నా లెక్కలో మొత్తం వ్యవస్థకు ఆధారం ప్యాకింగ్ సంఘటన. అది తప్పితే మిగతావన్నీ తప్పినట్టే.

అది ఎక్కడ తప్పుతుందో కంప్యూటర్ ముందు కూర్చుంటే తెలియదు. ప్యాకింగ్ లైను దగ్గరకు వెళ్లి ఒక షిఫ్టు మొత్తం నిలబడి చూడు. కేసు మూసేశాక క్వాలిటీ వాళ్లు శాంపిల్ కోసం ఒక సీసా తీస్తారు. దాని స్థానంలో ఇంకో సీసా పెడతారు. తీసినట్టు, పెట్టినట్టు స్కాన్ చేస్తే పేచీ లేదు. చెయ్యకపోతే ఫైలులో పాత నంబరు, పెట్టెలో కొత్త సీసా. స్కీమా పరీక్షలో ఆ ఫైలు నిక్షేపంగా పాసవుతుంది. మీ సర్వర్ ఒప్పుకుంటుంది, డిస్ట్రిబ్యూటర్ సర్వరూ ఒప్పుకుంటుంది. కొన్నాళ్లకు ఎక్కడో ఒక ఫార్మసీలో ఆ సీసా స్కాన్ చేస్తే దాని వివరాలే లేవని వస్తుంది. అప్పుడు దాన్ని అమ్మడానికి వీల్లేదు, క్వారంటైన్‌లో పెట్టాలి. అసలు సంగతి తేలేదాకా ఆ మందు కోసం వచ్చినవాళ్లు ఎదురు చూడాల్సిందే.

బ్యాచ్ చివర సగం నిండిన కేసును ఏం చేస్తారు? కరెంటు పోయి లైను ఆగితే, అప్పటికి కేసులో పడ్డ సీసాల సంగతేమిటి? లేబుల్ చిరిగితే కొత్త నంబరు ఇస్తారా, పాతదే మళ్లీ ముద్రిస్తారా? ఇవి ఎస్‌ఓపీలో (పని ఎలా చెయ్యాలో రాసిన పత్రంలో) ఒకలాగా రాసి ఉంటాయి, లైను మీద ఇంకోలా జరుగుతుంటాయి. అక్కడ పనిచేసే ఆపరేటర్లను గౌరవంగా, తప్పు పట్టడానికి రాలేదని వాళ్లకు అర్థమయ్యేలా అడుగు. నీకు ఏ డాక్యుమెంటూ చెప్పని సంగతులు వాళ్లే చెబుతారు. టార్గెట్ ఒత్తిడిలో స్కాన్ దాటేస్తున్నారంటే అది వాళ్ల ఒక్కరి తప్పు కాదు. స్కాన్ చెయ్యకుండా కేసు ముందుకు కదలనివ్వని లైను కావాలని మీ మేనేజరుగారితో నువ్వు వాదించాలి.

ఇక నంబర్ల సంగతి. అమెరికా మందుల జీటిన్ (సరుకును గుర్తించే జీఎస్1 నంబరు) 14 అంకెలుంటుంది. మొదట ప్యాకింగ్ స్థాయిని చెప్పే ఒక అంకె, తర్వాత 03, తర్వాత పది అంకెల ఎన్‌డీసీ (అమెరికాలో మందుకిచ్చే కోడు), చివర తనిఖీ అంకె. ఈపీసీఐఎస్‌లో ఇదే నంబరును వేరే రూపంలో రాస్తారు. కంపెనీ ప్రిఫిక్స్‌ను, అంటే కంపెనీని గుర్తించే అంకెలను, విడదీసి చుక్క పెట్టి, మొదటి అంకెను ఆ చుక్క తర్వాతికి జరిపి, తనిఖీ అంకెను తీసేస్తారు. ఎన్‌డీసీ మొదట్లో కంపెనీని చెప్పే లేబులర్ కోడు అయిదు అంకెలైతే ప్రిఫిక్స్ ఏడు అంకెలు, నాలుగైతే ఆరు. చుక్క ఎక్కడ పెట్టాలన్నది మీరొకలా, అవతలివాళ్లు ఇంకోలా అనుకుంటే ఒకే సీసాకు రెండు పేర్లు తయారవుతాయి. రెండూ చూడటానికి సరిగ్గానే ఉంటాయి, ఒకదానితో ఒకటి కలవవు. ప్రతి మందుకూ ప్రిఫిక్స్ ఎన్ని అంకెలో ఒక పట్టికలో రాసి, మొదటి ఫైలు పంపడానికి ముందే అవతలివాళ్లతో సరిచూసుకో.

ఆ పట్టికను ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసేవాళ్లుంటారు, జాగ్రత్త. ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. జీటిన్ కాస్తా 3.12E+11 లాంటి దశాంశ ఘాతంగా మారిపోతుంది. బ్యాచ్ నంబరు సున్నాతో మొదలైతే దానికీ అదే గతి. అన్నిటినీ అక్షరాలుగానే చూడాలి, అంకెలుగా కాదు. ఎక్స్‌పైరీలో ఇంకో మెలిక ఉంది. బార్‌కోడులో తేదీకి ఆరంకెలే, రోజు స్థానంలో 00 వేసి నెలాఖరు అని అర్థం చేసుకునే అలవాటు ఉంది. ఎక్స్‌ఎమ్‌ఎల్ తేదీకి 00వ రోజు చెల్లదు. మీ ప్రోగ్రాం దాన్ని నెల చివరి రోజుగా మారుస్తోందో, ఒకటో తారీఖు చేసేస్తోందో కళ్లతో చూసి నిర్ధారించుకో. ఒకటో తారీఖు చేస్తే నెల రోజుల ఆయుష్షు ఉన్న మందు చెల్లనిదైపోతుంది.

సీరియల్ నంబర్లలో అంకెలు, పెద్ద అక్షరాలు మాత్రమే వాడమని చెప్పు. ప్రమాణం ప్రకారం ఇరవై అక్షరాల దాకా, కొన్ని గుర్తులు కూడా వాడొచ్చు. కానీ ఆంపర్‌సాండ్ లాంటిది ఒకటి దూరితే బార్‌కోడులో ఒక రూపం, ఈపీసీఐఎస్ పేరులో శాతం గుర్తుతో ఇంకో రూపం ఉంటాయి. అంత తలనొప్పి ఎవరికీ అక్కర్లేదు.

సమయం గురించి నిదానంగా చదువు. ప్రతి సంఘటనకూ సమయం, టైమ్ జోన్ రెండూ రాయాలి. లైను మీది కంప్యూటరు మధ్యాహ్నం 3 గంటలకు ప్యాకింగ్ జరిగిందని మన సమయమే రాసి, పక్కన యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకంటే అయిదున్నర గంటలు వెనక) గుర్తు తగిలించిందనుకో. 4 గంటలకు శాంపిల్ సీసా తీస్తే గోడౌన్ సర్వర్ దాన్ని యూటీసీలోకి సరిగ్గా మార్చి 10:30 అని రాస్తుంది. అవతలి సిస్టమ్ రెండూ చదివి, సీసాను ముందు తీసేశారు, తర్వాత కేసులో పెట్టారు అని అర్థం చేసుకుంటుంది. శాంపిల్ సీసా కేసులోనే ఉన్నట్టు లెక్క తేలుతుంది. స్కీమా దీన్ని కూడా పట్టుకోదు. ప్లాంటులో సమయం రాసే ప్రతి యంత్రాన్నీ, అది సమయాన్ని ఎలా రాస్తోందో ఒక్కొక్కటిగా పరీక్షించు.

అవతలి కంపెనీతో మాట్లాడేటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది సరుకు ఎవరిదన్న సంగతి. చాలా హైదరాబాద్ కంపెనీల్లో జరిగేది ఇది: మందు ఇక్కడ తయారవుతుంది, అక్కడి అనుబంధ సంస్థ పేరు మీదకు వెళ్తుంది, నిల్వ ఉండేది వేరే లాజిస్టిక్స్ కంపెనీ గోడౌన్‌లో, కొనేది డిస్ట్రిబ్యూటర్. అమ్మినవాడు ఒకరు, లారీ బయల్దేరిన చోటు ఇంకొకరిది. ఫైలులో యజమానికి వేరే గడి, చోటుకు వేరే గడి అందుకే పెట్టారు. రెండింట్లోనూ ఒకే జీఎల్ఎన్ (సంస్థనో చోటునో గుర్తించే నంబరు) నింపేస్తే ఫైలు వెళ్తుంది, అవతల తిరస్కరిస్తారు. డిస్ట్రిబ్యూటర్‌కు గోడౌన్లు చాలా ఉంటాయి, ప్రతిదానికీ 13 అంకెల జీఎల్ఎన్ వేరు. ఆ జాబితా వాళ్ల నుంచి రాతపూర్వకంగా తీసుకో. కొత్త గోడౌన్ తెరిచినప్పుడు ఎవరు ఎవరికి చెప్పాలో కూడా రాయించుకో.

అవతల ఈ పని చూసే మనిషి పేరు, ఫోన్ నంబరు నీ దగ్గర ఉండాలి. జనరల్ మెయిల్ ఐడీ చాలదు. తూర్పు తీరంలో ఉన్నవాళ్లకు మనకు వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా, చలికాలంలో పదిన్నర. వాళ్లు ఆఫీసుకు వచ్చి కూర్చునేసరికి మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర అవుతుంది. సమస్య లేని రోజుల్లోనే ఒకటి రెండుసార్లు మాట్లాడి పరిచయం పెంచుకో. సరుకు ఆగిన రోజున ఫోన్ ఎత్తేది ఆ పరిచయమే.

ఫైలు పంపడానికి ఎక్కువ చోట్ల ఏఎస్2 అనే సురక్షితమైన పద్ధతి వాడతారు. పంపగానే అవతలి సర్వర్ ఎండీఎన్ అనే రసీదు ఇస్తుంది. దాన్ని చూసి పని అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. ఎండీఎన్ చెప్పేది ఫైలు మధ్యలో చెడిపోకుండా చేరిందని మాత్రమే. లోపలి డేటాను వాళ్ల సిస్టమ్ ఒప్పుకుందో లేదో అందులో ఉండదు. అది వేరేగా ఎలా తెలుస్తుందో మొదటి మీటింగులోనే అడుగు. ఆ పద్ధతిలో వాడే డిజిటల్ సర్టిఫికెట్ల గడువు తేదీలు మీ క్యాలెండర్‌లోనూ వాళ్ల క్యాలెండర్‌లోనూ పెట్టించు. అలాగే ఫైలు లారీ కంటే ముందు చేరాలి. సరుకు డాక్ దగ్గరకు వచ్చేసరికి డేటా లేకపోతే దించుకోరు, లేదా దించుకుని పక్కన పెడతారు. షిప్పింగ్ సంఘటన ఏ నిమిషంలో పుడుతుందో, పంపడం దానంతట అదే జరుగుతుందో, ఎవరైనా బటన్ నొక్కాలో కనుక్కో. మనిషి నొక్కాల్సి వస్తే ఆ మనిషి సెలవులో ఉన్న రోజు ఎవరు నొక్కుతారో కూడా కనుక్కో.

తప్పు జరిగిందని తెలిసినప్పుడు పాత ఫైలును దిద్ది అదే పేరుతో మళ్లీ పంపడం మాత్రం ఎప్పుడూ చెయ్యకు, ఎవరు తొందరపెట్టినా సరే. ఫలానా సంఘటన తప్పు అని ప్రకటించి, దాని బదులు సరైనది పంపే ఏర్పాటు 1.2 వెర్షన్‌లోనే ఉంది. అవతలి సిస్టమ్ ఆ ప్రకటనను అర్థం చేసుకోగలదా అన్నది విడిగా అడగాలి, అన్నీ చేసుకోలేవు. చేసుకోలేనివాళ్లతో దిద్దుబాటు ఎలా చెయ్యాలో ముందే ఒప్పందం రాసుకోవాలి.

టెస్టింగ్‌లో మంచి ఫైళ్లే పంపి సంతోషపడకండి. సీసా ఎక్కువైన కేసు, ముందెప్పుడో పంపిన ఫైలు రెండోసారి, లేని జీఎల్ఎన్, తారుమారైన సమయం, ఇవన్నీ కావాలని పంపి అవతల ఏమవుతుందో చూడండి. ఆఖరున నిజమైన ప్యాలెట్ ఒకటి విప్పించి, ఒక్కో సీసా స్కాన్ చేసి ఫైలుతో పోల్చండి. దానికి ప్రొడక్షన్ వాళ్లు ఒప్పుకోవడానికి టైం పడుతుంది, అయినా వదలకు.

చివరిగా ఒకటి. ఈ లావాదేవీల రికార్డులు కనీసం ఆరేళ్లు దాచాలని చట్టం. డేటాబేస్‌లో ఉన్నాయి కదా అని ఊరుకోవద్దు. పంపిన ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను ఉన్నదున్నట్టు, దానికొచ్చిన ఎండీఎన్‌తో, ఆ రోజు వాడిన మ్యాపింగ్ (మీ డేటాలో ఏది ఫైలులో ఏ గడిలోకి వెళ్లాలో చెప్పే పట్టిక) ఏ వెర్షనో రాసి భద్రపరచండి. ఏదైనా సీసా మీద అనుమానం వచ్చి నంబరు సరిచూడమని అడిగితే తయారీదారు 24 గంటల్లో జవాబివ్వాలి. అర్ధరాత్రి ఆ ఫైలు వెతికి తీయగలిగేది నువ్వొక్కదానివే కాకుండా ఇంకో ఇద్దరికి ఇప్పుడే నేర్పించు. ఆదివారం ఇంటికి వచ్చేటప్పుడు మీ మ్యాపింగ్ షీటును గడులు ఖాళీగా, కంపెనీ వివరాలేవీ లేని నమూనాగా ప్రింటు తీసుకురా. ఇద్దరం కూర్చుని ఒక్కో గడిలో ఏం నింపాలో, ఆ సమాధానం ఎవరి దగ్గర దొరుకుతుందో రాసుకుందాం.

ఆశీస్సులతో,
మామయ్య